ఆఫీసు స్కీములో రోడ్ బైక్ అనే గేర్ సైకిల్ కొన్నాను, లెక్క ఇదీ

మొదటి రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపితే సెక్యూరిటీ ఆయన సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏం సామీ, స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు, దీనికి యాభై ఎనిమిది వేలా?" అన్నాడు. ఆయన బండి సెకండ్ హ్యాండ్‌లో ముప్పై వేలకే వచ్చిందట. ఐదు నెలలు తొక్కాక చెబుతున్నా, సైకిల్‌కి ఆ డబ్బు పెట్టొచ్చు. ఆ స్కీముకి, స్కీము పేరుతో మాకు అంటగట్టిన షాపుకి మాత్రం పాస్ మార్కులు కూడా కష్టమే.

స్కీము ఏంటంటే, కంపెనీ టై అప్ పెట్టుకున్న ఒక్క షాపులోనే కొనాలి, 60,000 దాటకూడదు, బిల్లు కంపెనీ కడుతుంది, మన జీతంలో 12 నెలలు సమానంగా కోస్తారు, వడ్డీ లేదు. మధ్యలో మానేస్తే మిగిలినదంతా ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటారు. హెల్మెట్, లైట్లు అదే బిల్లులో వేయించుకోవచ్చు, అది మంచి విషయం. బ్రిటన్‌లో 1999 నుంచి ఇలాంటి పథకం ఉంది, అక్కడ పన్ను లెక్కవేయకముందే జీతంలోంచి కోస్తారు కాబట్టి ఉద్యోగికి నిజంగానే డబ్బు మిగులుతుంది. మా హెచ్.ఆర్. వాళ్ళు పంపిన మెయిల్ చదివితే ఇదీ అలాంటిదే అనిపిస్తుంది కానీ, మాకు పన్ను పోయాక చేతికొచ్చే జీతంలోంచే కోత.

ఆ మెయిల్‌తో వచ్చిన రేట్ల పట్టీలో నాకు కావాల్సిన మోడల్ 62,000 ఉంది. లిమిట్ దాటింది, కుదరదన్నారు. పట్టీ తేదీ చూస్తే ఆగస్టు. సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతం అయింది, ఇదేమో పాత రేటు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 62,000లోంచి పాత పన్ను తీసేసి కొత్త పన్ను వేస్తే 58,125 వచ్చింది. షాపతనికి చూపిస్తే "అది పాత స్టాక్ సార్" అని కాసేపు నసిగి, చివరికి అదే రేటుకి బిల్లు రాశాడు. అడగకుండా ఊరుకుని ఉంటే ఇంకో మోడల్ కొనుక్కుని వచ్చేవాణ్ణి.

ఇక వడ్డీ లేదని వాళ్ళు చెప్పిన మాట సంగతి. నేను షాపులో కూర్చుని ఉండగానే ఒకాయన వచ్చి క్యాష్ ఇస్తే ఎంత తగ్గిస్తారని అడిగాడు, 8 శాతం అన్నారు. స్కీమువాళ్ళకి పైసా తగ్గదు. నా సైకిల్ మీద 8 శాతం అంటే 4,650. 53,475కి వచ్చేది 58,125 పెట్టి నెలకు సుమారు 4,844 చొప్పున కడుతున్నానన్నమాట. ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంది కదా, ఆ లెక్కన ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ కట్టినట్టే. పర్సనల్ లోన్‌కి ఇది పెద్ద దూరమేం కాదు. చేతిలో డబ్బుంటే క్యాష్ పెట్టి కొనుక్కోండి. నాకు లేదు, అందుకే స్కీము.

సైకిల్ ఎంపిక దగ్గరే ఎక్కువ తలనొప్పి. తిరుపతిలో ఎమ్మార్ పల్లి నుంచి రేణిగుంట వైపు ఆఫీసుకి పోను సుమారు 14 కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు సైకిల్. ఆదివారం శ్రీనివాస మంగాపురం, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ దాకా పోవాలని ఆశ. షాపులో మాత్రం షిమానో కంపెనీ సోరా గేర్ల సెట్టు ఉన్న బైక్ తీసుకోమని ఒకటే పట్టు. ఆ కంపెనీ సెట్లలోనే క్లారిస్‌కి వెనక ఉండే పళ్ళ చక్రాలు 8, సోరాకి 9, టియాగ్రాకి 10, ఇలా ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ధర కూడా ఎక్కుతుంది. కానీ ఆ సోరా బైక్‌లో ముందు, అంటే పెడల్ దగ్గర, చిన్న పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనక అన్నిటికన్నా పెద్దదానికి 28. క్లారిస్ బైక్‌లో ముందు అదే 34, వెనక 32. ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ళకి తెలిసేది ఆ నాలుగు పళ్ళ తేడానే, పేరు కాదు. మొదటిదాంట్లో పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక టైరు 1.21 చుట్లు తిరుగుతుంది, రెండోదాంట్లో 1.06. ఎంత తక్కువ తిరిగితే ఎత్తు ఎక్కడం అంత తేలిక. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది కానీ 75 కిలోల మనిషి ఘాట్ మలుపులో కూర్చునే తొక్కగలడా, దిగి తోసుకుంటాడా అన్నది అక్కడే తేలిపోతుంది. క్లారిస్ తీసుకున్నా.

బ్రేకులు కేబుల్‌తో పనిచేసే డిస్క్. చక్రం అంచుని పట్టుకునే రిమ్ బ్రేక్ అయితే తేలిక, ఏ మెకానిక్ అయినా చూస్తాడు, కాదనను. కానీ మా వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తడిసిన రిమ్ మీద బ్రేక్ పట్టేలోపు ముందున్న ఆటో డిక్కీలో ఉంటాం. ఫ్రేము అల్యూమినియం, ముందు ఫోర్క్ కార్బన్, టైరు 32 మిల్లీమీటర్లు. 25 వెడల్పు సన్న టైరు చూడ్డానికి బాగుంటుంది గానీ కరకంబాడి రోడ్డులో లారీ వెనక నుంచి హారన్ కొడుతుంటే అంచుకి దిగాలి, అక్కడ కంకర. అంచుకి దిగే అలవాటున్నవాళ్ళు వెడల్పు టైరే తీసుకోండి.

సైజు గొడవ వేరే. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, ఆ మోడల్‌లో 54 సైజు ఫ్రేమ్ సరిపోతుంది. షాపులో ఉన్నది 56. "సీటు దించితే సరిపోతుంది సార్, అందరూ అదే తీసుకుంటున్నారు." సీటు దించితే కాళ్ళు అందుతాయి, హ్యాండిల్ దగ్గరికొస్తుందా? ఎక్కి బ్రేకు లివర్ల మీద చేతులు పెట్టి చూశా, మోచేతులు కర్రల్లా నిటారుగా బిగుసుకున్నాయి, భుజాలు చెవుల దాకా వచ్చాయి. పది నిమిషాలు షాపు ముందు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగేసరికే మెడ పట్టేసింది. రోడ్ బైక్‌లో మీరు రాజీ పడకూడనిది ఏదైనా ఉందంటే ఇదే, గేర్లు రేపు మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చలేరు. 54 చెన్నై నుంచి తెప్పిస్తాం, వారం అన్నారు. 26 రోజులు పట్టింది. ఈలోపు అక్టోబర్ జీతంలో మొదటి కోత పడిపోయింది, సైకిల్ చెన్నైలో, డబ్బు కంపెనీ దగ్గర, నేను ఎప్పటిలాగే బస్సులో. ఫోన్ చేస్తే హెచ్.ఆర్. వాళ్ళు షాపుని అడగమంటారు, షాపువాళ్ళు హెచ్.ఆర్.ని అడగమంటారు.

వచ్చాక మాత్రం బండి బాగుంది, అబద్ధం చెప్పను. మీటర్‌లో 2,100 కిలోమీటర్లు దాటాయి. ఆఫీసుకి 40 నిమిషాలు, సాయంత్రం ఎదురుగాలి ఉంటే 45. డిసెంబర్ వానలో బ్రేకులు కీచుమన్నాయి గానీ ఆగమన్నచోట ఆగాయి. భాకరాపేట ఘాట్ రెండోసారికి దిగకుండా ఎక్కేశా, చివరి మలుపు దగ్గర 34-32 మీద నడిచే మనిషి కంటే కాస్త వేగంగా, అయినా ఎక్కినట్టే కదా. ఇప్పుడు ఏప్రిల్ ఎండకి పొద్దున ఆరింటికే బయలుదేరుతున్నా, ఎనిమిది దాటితే రోడ్డు పెనంలా ఉంటుంది.

పంక్చర్లు ఏడు. అన్నీ కంపముళ్ళే. మొదటి పంక్చర్‌కి రోడ్డు పక్క షాపు పిల్లోడు ట్యూబ్ వాల్వ్ పట్టుకుని రెండు వేళ్ళతో తిప్పి తిప్పి చూసి "అన్నా, దీనికి గాలి ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. తప్పు అతనిది కాదు, రోడ్ బైకులకి ప్రెస్టా అని సన్న వాల్వ్ వస్తుంది, కొనలో చిన్న మర వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది, మామూలు పంపు నోరు దానికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి బిగిస్తే ఏ పంక్చర్ షాపులోనైనా కొట్టించుకోవచ్చు, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. షాపు వాడు ఈ ముక్క చెప్పి, ఒకటి చేతిలో పెట్టి ఉంటే ఆ రోజు మూడు కిలోమీటర్లు తోసుకుని వచ్చే పని తప్పేది. ఇంకో విషయం, గాలి కొట్టేవాళ్ళు మనం ఆపకపోతే బండల్లా బిగించేస్తారు. నా బరువుకి ఈ 32 టైర్లలో 60 పీఎస్ఐ చాలు, అంతకు మించితే ప్రతి స్పీడ్ బ్రేకర్ వెన్నులోకి తెలుస్తుంది.

సర్వీసు గురించి చెప్పేది తక్కువే. కొత్త కేబుళ్ళు మొదటి నెలలో కాస్త సర్దుకుని వదులై గేర్లు తడబడతాయి, అది గేర్ సైకిళ్ళకి మామూలుగా ఉండేదే. ఫ్రీ సర్వీసుకి తీసుకెళ్తే రోడ్ బైక్ చూసే మెకానిక్ నెలకోసారే వస్తాడన్నారు. వెనక గేర్లు మార్చే డిరైలర్ దగ్గర కేబుల్ బిగించే చిన్న గుండ్రటి స్క్రూ ఉంటుంది, యూట్యూబ్ చూసి దాన్ని అర చుట్టు తిప్పా, సరిపోయింది. అప్పట్నుంచి ఆ షాపు మెట్లెక్కలేదు.

వచ్చే నెల స్కీము మళ్ళీ తెరుస్తున్నారని మా లైన్‌లో ఇద్దరు అడిగారు. ఒకతను నాలాగే దూరం నుంచి వస్తాడు, ఆదివారం చంద్రగిరి కోట వైపు తొక్కాలని సరదా ఉంది. తీసుకో, కానీ నీ సైజు షాపుకి వచ్చాకే సంతకం పెట్టు అన్నాను. ఇంకొకతనిది తిరుచానూరు, ఇంటికి కూరగాయలు కూడా ఆ సైకిల్ మీదే తేవాలట. అతన్ని క్యారియర్, స్టాండు ఉన్న మామూలు గేర్ సైకిల్ క్యాష్ ఇచ్చి, ఆ 8 శాతం తగ్గించుకుని కొనుక్కోమన్నాను. నాకు ఇంకా ఐదు కోతలు ఉన్నాయి.