ముందు చక్రాలకు బ్రేకులు వచ్చాక: రెండు రోల్స్ రాయిస్ ట్వెంటీలతో తొమ్మిదేళ్లు

ఇంగ్లాండులోని డెర్బీషైర్‌లో, పెళ్లిళ్లకు పాత కార్లు అద్దెకిచ్చే ఒక పెద్దాయన దగ్గర తొమ్మిదేళ్లుగా డ్రైవర్‌గా ఉన్నాను. నేను నడిపేవి రెండూ రోల్స్ రాయిస్ కంపెనీ 1920లలో చేసిన 'ట్వెంటీ' అనే మోడల్ కార్లే. ఒకటి 1924 నాటిది, దానికి బ్రేకులు వెనక చక్రాలకే. రెండోది 1926 నాటిది, నాలుగు చక్రాలకూ ఉన్నాయి. రెండింటిలోనూ అదే 3,127 సీసీ ఇంజను. వెనక సీట్లో కూర్చుంటే మాత్రం రెండూ వేర్వేరు కార్లు.

బ్రేకులు బాగుంటే ప్రయాణం సుఖంగా ఉంటుందనే నేనూ అనుకున్నాను. ఆ నమ్మకం ఒక్క వేసవికే సడలింది.

పాత కారుతో వర్క్స్‌వర్త్ నుంచి క్రామ్‌ఫర్డ్ వాలు దిగాలంటే పైనే గేరు తగ్గించుకోవాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే అవి బిగుసుకుపోయి జారతాయి. అందుకే మలుపు ఎంతో దూరంలో ఉండగానే వేగం తగ్గించడం మొదలుపెడతాను. మా ఊళ్లో ఎడ్లబండి వాలు దిగేటప్పుడు బండివాడు ముందే పగ్గాలు బిగబట్టేవాడు, అచ్చం అలాగే. వెనక కూర్చున్నవారికి కారు ఆగిన సంగతే తెలియదు. ఒకసారి ఒక వృద్ధ దంపతులు చర్చి గుమ్మం దాకా నిద్రపోయారు.

1926 కారులో గేరుబాక్సు పక్కన సర్వో, అంటే బ్రేకుకు బలం జోడించే యంత్రం, ఉంటుంది. హిస్పానో సూయిజా కారు కోసం మార్క్ బిర్కిగ్ట్ రూపొందించిన పద్ధతి అది. కారు కదలికతోనే మెల్లగా తిరిగే ఘర్షణ పళ్లెం, పెడలు నొక్కగానే పట్టుకుని బ్రేకు కడ్డీలను లాగుతుంది. కాలికి శ్రమ లేదు. అయితే ముందు చక్రాల బ్రేకు డ్రమ్ముల బరువంతా స్ప్రింగుల కింద ఇరుసు మీదే పడింది. బ్రేకు వేసినప్పుడు మెలిదిరగకుండా ఆ ఇరుసూ దృఢంగా ఉండాలి. చిన్న చిన్న గుంతల్లో ముందు భాగం పాత కారు కన్నా గట్టిగా తడుతుంది, అది స్టీరింగులో నా అరచేతులకు తెలుస్తుంది. ఆ రోజుల్లో ముందు బ్రేకులు, తక్కువ గాలి టైర్లు కలిసి వచ్చి ముందు చక్రాల వణుకుతో చాలా కంపెనీలను వేధించాయి. మా కారుకు ఆ రోగం లేదు, అదృష్టం.

అసలు చిక్కు నడక వేగంలో ఉంది. చక్రాలు కొంచెం తిరిగితే గానీ సర్వో పట్టదు. పార్కింగులో పెడలు తొక్కితే ఒక క్షణం పెద్దగా ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. పెళ్లికూతురి చేతిలోని పూలగుత్తి ఒళ్లోంచి కింద పడేది అప్పుడే. మెత్తగా ముందే నొక్కి, ఆగబోయే ముందు వదిలేయడం నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

మూడేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో సర్వో లైనింగు, అంటే రాపిడితో పట్టుకునే పొర, మార్పించాం. వాళ్లు వేసినది గట్టి రకం. నెల రోజులు ప్రతి పెళ్లిలోనూ కారు గంతులు వేస్తూ ఆగింది. మరోచోట మెత్తని లైనింగు వేయించాక కుదుటపడింది.

చల్లని పొడి ఉదయం, ఖాళీ పల్లె రోడ్డు అయితే నేను 1924 కారే తీస్తాను. దానికీ ముందు బ్రేకులు పెట్టిద్దామా అని పెద్దాయన ఒకసారి అడిగితే వద్దన్నాను. అయితే శనివారాలు డెర్బీ ఊళ్లోకి దాన్ని తీసుకెళ్లనివ్వరు ఆయన. అందులో తప్పేమీ లేదు.