సర్వే ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి: మాకు వచ్చిన 1,200 ఫారాల్లో 412 దొంగవి

యూనివర్సిటీ రీసెర్చ్ సెంటర్లలో ప్రాజెక్టులు నడిపేవాళ్లు, ముఖ్యంగా ఫీల్డ్ సర్వేని బయటి ఏజెన్సీకి ఇవ్వాలని చూస్తున్నవాళ్లు, రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి. ఏజెన్సీ పేరు రాయడం లేదు, మా సెంటర్‌కీ వాళ్లకీ మధ్య గొడవ ఇంకా తేలలేదు. పేరు తెలిసినంత మాత్రాన మీరు బయటపడతారని కూడా నేననుకోను. వాళ్లు రాసిచ్చిన కాంట్రాక్ట్ మీద మాలాగే సంతకం పెడితే, ఎవరితోనైనా ఇదే జరగొచ్చు.

నాది ప్రోగ్రామ్ మేనేజర్ పని. ఏం అడగాలో, ఎందుకు అడగాలో ప్రొఫెసర్లు చూసుకుంటారు. గ్రాంట్ లెక్కలు, ఎథిక్స్ కమిటీ అనుమతులు, కొటేషన్లు, గడువులు, ఫండర్‌కి పంపే రిపోర్టులు, ఇవన్నీ నా నెత్తిన ఉంటాయి. ఈ సర్వే కుటుంబాల అప్పుల గురించి. 1,200 ఇళ్లు, ముఖాముఖి ఇంటర్వ్యూ, ఒక్కోదానికి సుమారు 45 నిమిషాలు. మా టీమే పైలట్, అంటే ముందస్తు ట్రయల్ సర్వే, చేసినప్పుడు ఎంత తొందరపడినా 35 నిమిషాల లోపు ఒక్కరూ ముగించలేకపోయారు. ఈ 35 అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత మమ్మల్ని కాపాడింది అదే.

మూడు కొటేషన్లు వచ్చాయి. రెండు ఏజెన్సీలు 7 వారాలు అడిగాయి. మూడోవాళ్లు 8 మంది ఎన్యూమరేటర్లతో, అంటే ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగేవాళ్లతో, 3 వారాల్లో ఇచ్చేస్తామన్నారు, రేటు కూడా తక్కువ. గ్రాంట్ గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌లో ఉన్నాం, వాళ్లకే ఇచ్చాం. ఆ రోజే ఒక చిన్న లెక్క వేసి ఉండాల్సింది: వారానికి 6 రోజుల చొప్పున 3 వారాలంటే 18 రోజులు, 8 మంది, అంటే ఒక్కొక్కరు రోజుకి 8 ఇంటర్వ్యూలకు పైనే చేయాలి. మాట్లాడటానికే 6 గంటలు పోతుంది. ఇల్లు వెతుక్కోవడం, తాళం వేసి ఉంటే మళ్లీ రావడం, మనిషిని ఒప్పించి కూర్చోబెట్టడం, ఇవన్నీ ఎప్పుడు చేస్తారు? తొందరగా చేస్తామన్నారంటే సమర్థత అనుకున్నాం. పని చేయకుండా ఫారాలు నింపే ఉద్దేశం ఉంటే తప్ప సాధ్యం కాని షెడ్యూల్ అది.

పని మొదలయ్యాక రోజూ రా డేటా, అంటే ఏ మార్పూ చేయని అసలు జవాబులు, పంపమని అడిగాం. "క్లీనింగ్ అయ్యాక ఇస్తాం, ఇప్పుడిస్తే మీరే కన్ఫ్యూజ్ అవుతారు" అన్నారు. బదులుగా ఒక డాష్‌బోర్డ్ లింకు ఇచ్చారు, అందులో రంగు రంగుల గ్రాఫులు, ఎన్ని పూర్తయ్యాయో చూపించే అంకె. ఆ అంకె రోజూ పెరుగుతుంటే మాకు బాగానే ఉన్నట్టు అనిపించింది. రెండో వారం చివర్లో మా రీసెర్చ్ అసిస్టెంట్ పట్టుబట్టి, రోజూ ఫోన్ చేసి విసిగించి, మొత్తానికి ఒక ఎక్స్‌పోర్ట్ ఫైల్ తెప్పించుకుంది. ఆ అమ్మాయి ఆ పట్టు పట్టకపోతే ఇవాళ ఆ డేటా మీద పేపర్ రాస్తూ ఉండేవాళ్లం.

ఫైల్‌లో ఒక ఎన్యూమరేటర్ వరకు ఒక సాయంత్రం విడదీసి చూశాం. 6:50 నుంచి 8:40 దాకా 11 ఇంటర్వ్యూలు. ఒక్కోటి పది నిమిషాలు (పైలట్‌లో 35 లోపు ఎవరూ ముగించలేదని గుర్తుందిగా), ఒకటి ముగిసిన నిమిషంలోనే ఇంకోటి మొదలు. పదకొండు ఇళ్లకీ జీపీఎస్ ఒకే చోటు చూపిస్తోంది. వయసులు చూస్తే 35, 40, 45, 50, 40, 55, అన్నీ 0తోనో 5తోనో ముగిసేవే. నిజంగా అడిగినా జనం వయసు కొంత సవరించి చెబుతారు, దాన్ని కొలవడానికి జనాభా శాస్త్రంలో విపుల్ సూచిక అని ఒకటి ఉంది కూడా, కానీ 11కి 11 అలా రావడం నేనెప్పుడూ చూడలేదు. అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఒక ప్రశ్న దగ్గర. "గత ఏడాదిలో మీ ఇంట్లో ఎవరైనా అప్పు చేశారా?" అన్నదానికి 11 ఇళ్లలోనూ "లేదు". మా పైలట్‌లో సగానికి పైగా అవునన్నారు. "అవును" నొక్కితే ఇంకో 14 ప్రశ్నలు తెరుచుకుంటాయి, "లేదు" నొక్కితే నేరుగా తర్వాతి సెక్షన్. కూర్చుని నింపేవాడు ఏది నొక్కుతాడో వేరే చెప్పాలా? మా సర్వే అసలు ఉన్నదే అప్పుల గురించి.

ఈ దొంగ ఫారాలకి ఇంగ్లీషులో కర్బ్‌స్టోనింగ్ అని ఒక పేరే ఉంది, అమెరికా సెన్సస్ వాళ్ల నుంచి వాడుకలోకి వచ్చింది. ఇంటి తలుపు తట్టకుండా రోడ్డు అంచున రాతి మీద కూర్చుని ఫారం నింపేయడం అన్నమాట. జర్మనీలో ఏళ్ల తరబడి నడుస్తున్న సోషియో ఎకనామిక్ ప్యానెల్‌లో కూడా ఇలాంటి ఇంటర్వ్యూలు దొరికాయి. కాబట్టి "మాది పెద్ద యూనివర్సిటీ, మాకు జరగదు" అనుకోకండి.

తర్వాత 40 మందికి మేమే ఫోన్లు చేశాం. సగం నంబర్లు అసలు లేనివే. ఎత్తినవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. ఫారంలో ఆవిడ ఇంట్లో నలుగురు, భర్త వయసు 55, పనికి వెళ్తున్నాడు. ఆవిడేమో, "మా ఆయన పోయి ఆరేళ్లయిందమ్మా, నేనొక్కదాన్నే ఉంటాను, నా దగ్గరికి ఎవరూ రాలేదు" అంది. కాసేపాగి, "నువ్వు రా తల్లీ, అడిగితే అన్నీ చెప్తాను" అంది. మా అసిస్టెంట్ ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సమ్మతి పత్రాల స్కాన్లు తెప్పించి చూస్తే ఆవిడ సంతకమూ, మరో ముప్పై మంది సంతకాలూ ఒకే చేతి వంపుతో ఉన్నాయి. అంటే డేటాతో ఆగలేదు, మనుషుల పేరు మీద దొంగ సంతకాలు పెట్టారు. అప్పటికప్పుడు ఎథిక్స్ కమిటీకి రాసి ఇచ్చాం. మీకు ఇలాంటిది కనబడితే అదే రోజు రాయండి, దాచుకుని ఆలస్యం చేస్తే రేపు తప్పు మనది అవుతుంది.

ఏజెన్సీని అడిగాం. మొదట "ట్యాబ్‌లో టైమ్ ఎర్రర్" అన్నారు. తర్వాత, "మీరు ఏ ఫారాలు చెక్ చేశారో నంబర్లు పంపండి, సరిచేస్తాం" అన్నారు. ఇక్కడ చాలా జాగ్రత్త. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ నంబర్లు ఇవ్వొద్దు. ఇస్తే ఆ 40 మాత్రమే సరైపోతాయి, మిగతావి అలాగే ఉంటాయి. మేం ఇవ్వలేదు. ఆ తర్వాత ఉచితంగా మళ్లీ చేస్తామన్నారు. అదీ ఒప్పుకోలేదు, ఎందుకంటే అదే టీమ్, అదే పద్ధతి, అదే తొందర.

అప్పుడు బయటపడిన ఇంకో సంగతి, ఫీల్డ్ పని వాళ్లది కానే కాదు. వేరే చిన్న సంస్థకి సబ్‌కాంట్రాక్ట్ ఇచ్చారు, వాళ్లు మళ్లీ ఫారానికింత అని కుర్రాళ్లకి ఇచ్చారు. తాళం వేసి ఉన్న ఇంటికి మూడుసార్లు తిరిగినా ఆ కుర్రాడికి ఏమీ రాదు. ఆ ఎన్యూమరేటర్ల మీద నాకు పెద్ద కోపం లేదు. నిజాయితీగా పనిచేస్తే నష్టపోయే పద్ధతిలో వాళ్లని పెట్టినవాళ్ల మీద ఉంది. మాకు చూపించిన ఐఎస్ఓ 20252 సర్టిఫికెట్, అంటే సామాజిక సర్వేలకు కూడా వర్తించే అంతర్జాతీయ ప్రమాణం, పెద్ద ఏజెన్సీ పేరు మీద ఉంది. ఇళ్లకి వెళ్లాల్సింది ఇంకొకరు. పైగా వందలమంది పేర్లు, ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ షీట్ ఒక వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని తెలిసింది. మీ వివరాలు గోప్యంగా ఉంచుతామని ఆ మనుషులకి మాట ఇచ్చింది మా యూనివర్సిటీ.

ఒక్క విషయంలో వాళ్ల వాదన సబబే. ఫారాలు ఒకదానితో ఒకటి ఎంత శాతం కలుస్తున్నాయో చూసే పద్ధతి ఒకటుంది, 85 శాతం దాటితే అనుమానించాలని కురియకోస్, రాబిన్స్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. మేం అది నడిపితే చాలా జతలు దాటాయి. ప్రశ్నల సంఖ్యని బట్టి, ఒకేరకం జనం ఉన్న చోటిని బట్టి నిజమైన ఫారాలు కూడా అలా కలవొచ్చని ఏజెన్సీ అంది. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు కూడా అదే అభ్యంతరం చెప్పారు. అందుకే ఒక్క పరీక్ష పట్టుకుని ఎవరినీ దొంగ అనకండి. మేం సమయం, జీపీఎస్, "లేదు"ల లెక్క, ఫోన్ కాల్స్ అన్నీ కలిపి చూసి, కనీసం మూడు చోట్ల తేడా ఉన్న ఫారాలనే పక్కన పెట్టాం. అలా తేలినవే 412.

కాంట్రాక్ట్‌లో ఏం రాయించుకోవాలంటే, రోజూ రాత్రికి రా డేటా మన సర్వర్‌కే రావాలి, సర్వే ఫారం మన అకౌంట్‌లోనే ఉండాలి. ఓడీకే, కోబో టూల్‌బాక్స్, సర్వేసీటీఓ లాంటి సర్వే సాఫ్ట్‌వేర్లలో ఇది కష్టమేం కాదు, ఫారంలో ఆ ఫీల్డులు పెడితే ఇంటర్వ్యూ మొదలైన, ముగిసిన సమయాలు వాటంతటవే నమోదవుతాయి. మధ్యలో కొన్ని నిమిషాల ఆడియో రికార్డింగ్, జవాబిచ్చేవాళ్ల అనుమతితో, ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పి. మన అనుమతి లేకుండా సబ్‌కాంట్రాక్ట్ కుదరదని. ఎన్యూమరేటర్లకి రోజు కూలీ ఇవ్వాలి, ఫారానికింత అని కాదు. దీనికి ఏజెన్సీ రేటు పెంచుతుంది, పెంచనివ్వండి. బ్యాక్ చెక్, అంటే కొందరిని మళ్లీ అడిగి సరిచూడటం, మాత్రం మనమే చేసుకోవాలి, ఎన్ని చేస్తామో చెప్పాలి కానీ ఏవి చేస్తామో చెప్పకూడదు. పేమెంట్‌లో పెద్ద భాగం ఆ చెక్ ముగిశాకే. మేం సంతకం పెట్టిన కాంట్రాక్ట్‌లో "పూర్తయిన ఫారాల సంఖ్య"ను బట్టి చెల్లింపు అని ఉంది, ఇప్పుడు వాళ్లు ఆ వాక్యం చూపించే డబ్బు అడుగుతున్నారు.

ప్రొఫెసర్లకి కూడా ఒక మాట. ఫీల్డ్ వాళ్లు చూసుకుంటారులే అని వదిలేయకండి. 2014 డిసెంబర్‌లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పేరున్న పేపర్, ఇంటింటికీ వెళ్లి మాట్లాడితే అభిప్రాయాలు మారతాయన్నది, 2015 మేలో వెనక్కి తీసుకున్నారు. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అదే పని మళ్లీ చేద్దామని చూస్తే స్పందన రేటు ఆ పేపర్‌లో చెప్పినదానికి ఎక్కడా దగ్గరికి రాలేదు. సర్వే చేసిందనుకున్న సంస్థని అడిగితే, ఆ ప్రాజెక్టే తమకు తెలియదంది. పేపర్ మీద పేరున్న సీనియర్ ప్రొఫెసర్ అసలు డేటా తన చేతిలోకి ఎప్పుడూ తీసుకోలేదు.

మాకైన నష్టం సంగతి. ఫండర్‌కి జరిగింది దాచకుండా రాశాం, నాలుగు నెలల పొడిగింపు ఇచ్చారు. ఈ డేటా మీదే థీసిస్ పెట్టుకున్న ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఒక సెమిస్టర్ పోయింది, అది నేను తిరిగి ఇవ్వలేను. 412 ఇళ్లకీ మా టీమే మళ్లీ వెళ్తోంది. ఆ పెద్దావిడ ఇంటికి మా అసిస్టెంటే వెళ్లింది. ఇంటర్వ్యూకి గంటా పది నిమిషాలు పట్టింది. అప్పు ప్రశ్నకి ఆవిడ జవాబు "అవును", ఆ 14 ప్రశ్నలకీ వివరంగా చెప్పిందట.

కొత్త కాంట్రాక్ట్‌లో మేం పెట్టిన నిబంధనలు, రోజూ డేటా చెక్ చేసే మా ఫైలు నా దగ్గర ఉన్నాయి. కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను. ఇప్పటికే ఫీల్డ్‌లో ఉన్నవాళ్లైతే ముందు ఇవాళ్టి ఎక్స్‌పోర్ట్ తెప్పించుకుని ఒక్కో ఇంటర్వ్యూ ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి.