ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధుల గోడ చార్టు: మూడు వారాలు చూశాక

మా పఠనాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం గత నెల ఒక గోడ చార్టు తెప్పించాం. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి నేటి వరకు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గర భారతదేశం తరఫున పనిచేసిన శాశ్వత ప్రతినిధుల ఫొటోలు, వారి పదవీకాలాలు, ఒక్కొక్కరి పేరు కింద ‘ప్రధాన ఘనత’ అన్న శీర్షికతో రెండు మూడు వాక్యాలు ఇందులో ఉన్నాయి. చార్టుతోపాటు 32 పేజీల చిన్న పుస్తకం ఒకటి ఇస్తారు. రెండూ కలిపి 480 రూపాయలు, కొరియర్ ఖర్చు అదనం. వేసినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి చార్టులు అచ్చువేసేవారు చాలామంది ఉన్నారు, నేను చెప్పబోయే లోపాలు వారిలో ఒక్కరివే అని నేను అనుకోను.

ముందుగా బాగున్నవి. కాగితం మందంగా ఉంది, అక్షరాలు నాలుగడుగుల దూరం నుంచి కూడా ఇబ్బంది లేకుండా చదవవచ్చు. లామినేషన్ మెరుపు వల్ల ట్యూబ్‌లైటు వెలుగులో పై వరుస ఫొటోలు కనబడవు కాబట్టి, దీపానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు తగిలించుకోవాలి. చార్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆలోచన దాని అంచు వెంబడి గీసిన నీలి పట్టీ. భారత్ భద్రతామండలిలో తాత్కాలిక సభ్యత్వం వహించిన సంవత్సరాలను ఆ పట్టీ చూపుతుంది: 1950-51, 1967-68, 1972-73, 1977-78, 1984-85, 1991-92, 2011-12, 2021-22. మొత్తం ఎనిమిది సార్లు. ఏ రాయబారి హయాంలో మనకు మండలిలో ఓటు ఉంది, ఎవరికి ఆ అవకాశం రాలేదు అన్నది వేలు పెట్టి చూసుకోవచ్చు.

ఇక చిక్కులన్నీ ఫొటోల దగ్గర మొదలవుతాయి. పై వరుసలో ‘బి.ఎన్. రౌ’ అని ఒక పేరు ఉంది. ఆయన బెనెగల్ నర్సింగ్ రావు. ఇంగ్లీషులో ఆయన ఆ పేరును ‘Rau’ అని రాసుకున్నంత మాత్రాన తెలుగులో ‘రావు’ కాస్తా ‘రౌ’ అయిపోదు. అది అచ్చుతప్పు అని సరిపెట్టుకుందామనుకున్నాను కానీ, దాని పైన వేసిన ఫొటో ఆయనది కాదు, తమ్ముడు బెనెగల్ రామారావుది. తమ్ముడు 1949 నుంచి 1957 వరకు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. అన్న రాజ్యాంగ పరిషత్తుకు సలహాదారుగా రాజ్యాంగం తొలి ముసాయిదా తయారుచేసి, ఆ తర్వాత ఐరాసకు వెళ్లి, 1952లో అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తి అయ్యారు. పరీక్షలో ఇద్దరినీ జతపరచమని అడిగితే మా పిల్లలు ఈ చార్టు చూసి తప్పు రాసి వస్తారు.

ఫొటో కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ ‘ప్రధాన ఘనత’ గడి. కొరియా యుద్ధం విషయంలో భారత విధానాన్ని నర్సింగ్ రావు ‘రూపొందించారు’ అని అందులో ఉంది. జరిగింది వేరు. 1950 జూన్‌లో భద్రతామండలి అధ్యక్ష పీఠం వంతు భారత్‌ది, ఆ పీఠంలో ఉన్నది ఆయనే. జూన్ 25న ఉత్తర కొరియా దాడిని ఖండిస్తూ వచ్చిన తీర్మానానికి ఆయన అనుకూలంగా ఓటేశారు. రెండు రోజుల తర్వాత, దక్షిణ కొరియాకు సైనిక సహాయం చేయాలన్న తీర్మానం వచ్చేసరికి ఢిల్లీ నుంచి ఆదేశాలు అందలేదు. ఆయన ఓటింగులో పాల్గొనలేదు. భారత ప్రభుత్వం ఆ తీర్మానాన్ని తర్వాత అంగీకరించింది. రాయబారి ఉద్యోగం ఎలాంటిదో పిల్లలకు చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు: అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న మనిషి కూడా రాజధాని మాట కోసం ఎదురుచూడాలి. చార్టు ఆ ఎదురుచూపును చెరిపేసి, ఘనత మొత్తాన్ని మనిషికి కట్టబెట్టింది.

బ్రజేశ్ మిశ్రా గడిలోనూ ఇదే తంతు. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి ప్రవేశించాక, 1980 జనవరిలో దానిపై జరిగిన సాధారణ సభ అత్యవసర సమావేశంలో ఆయన చదివిన ప్రకటన సోవియట్ హామీలను నమ్ముతున్నట్టుగా ఉండి, అప్పట్లోనూ ఆ తర్వాతా ఎన్నో విమర్శలు ఎదుర్కొంది. అప్పుడే ఎన్నికల్లో గెలిచి అధికారంలోకి వస్తున్న ఇందిరా గాంధీ వైఖరి అది. దాన్ని పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటి జాతీయ భద్రతా సలహాదారు అయిన మిశ్రా సొంత అభిప్రాయంగా చూపించడం న్యాయం కాదు.

పేర్ల ఎంపికలో మరో తికమక ఉంది. విజయలక్ష్మీ పండిట్, వి.కె. కృష్ణ మీనన్ ఇద్దరినీ శాశ్వత ప్రతినిధుల వరుసలోనే పెట్టారు. వీరిద్దరూ భారత ప్రతినిధి బృందాలకు నాయకత్వం వహించినవారు. పండిట్ 1953లో సాధారణ సభకు అధ్యక్షురాలైన తొలి మహిళ. శాశ్వత ప్రతినిధి పదవిలోకి ఒక మహిళ రావడానికి మాత్రం 2022లో రుచిరా కాంబోజ్ నియామకం దాకా ఆగవలసి వచ్చింది. 1957 జనవరి 23, 24 తేదీల్లో భద్రతామండలిలో కశ్మీర్‌పై దాదాపు ఎనిమిది గంటలు ప్రసంగించింది మీనన్. ఆ రోజుల్లో శాశ్వత ప్రతినిధి ఆర్థర్ లాల్. ఆయన గడిలో మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది. ఊరంతా గుర్తుపెట్టుకున్న ప్రసంగం ఒకరిది, అక్కడ ఏళ్ల తరబడి రోజువారీ పని నడిపింది మరొకరు. ఈ తేడాను చూపించలేని చార్టు ఎందుకు అనిపించింది.

ఇంత చెప్పాక కూడా పుస్తకంలోని రెండు అధ్యాయాల కోసం దీన్ని కొనవచ్చంటాను. మొదటిది జి. పార్థసారథి గురించి. 1948 జనవరిలో కశ్మీర్ ఫిర్యాదును భద్రతామండలి ముందు వినిపించిన ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ కుమారుడాయన. పదిహేడేళ్ల తర్వాత, 1965 యుద్ధంలో సెప్టెంబరు 20న మండలి కాల్పుల విరమణ కోరుతూ 211వ తీర్మానం చేసినప్పుడు శాశ్వత ప్రతినిధి ఆయనే. తరువాత ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. రెండోది సమర్ సేన్ గురించి. 1971 డిసెంబరులో, భారత్-పాకిస్తాన్ యుద్ధ సమయంలో, కాల్పుల విరమణ తీర్మానాలను మండలిలో సోవియట్ యూనియన్ వరుసగా వీటో చేస్తూ వచ్చింది. సాధారణ సభలో మాత్రం డిసెంబరు 7న 104 దేశాలు ఆ పిలుపుకు ఓటేయగా, వ్యతిరేకించినవి 11. అంతటి ఒంటరితనంలో మాట్లాడవలసి వచ్చిన మనిషి సేన్. నాలుగేళ్ల తర్వాత ఢాకాలో హైకమిషనరుగా ఉండగా దుండగుల కాల్పుల్లో గాయపడ్డారు కూడా. నీలి పట్టీ విలువ ఈ అధ్యాయాలు చదివినప్పుడే తెలుస్తుంది: 1965లోనూ, 1971లోనూ ఆ పట్టీ ఖాళీ. ఆ రెండు యుద్ధాల్లోనూ భారత్ మండలిలో సభ్య దేశం కాదు. మన రాయబారి ఆహ్వానితుడిగా కూర్చుని వాదించగలడే తప్ప, చెయ్యెత్తి ఓటేయలేడు. పుస్తకం ఈ సంగతిని విడమరచి చెప్పలేదు. నేనే పిల్లలకు చూపించాను.

1990ల తర్వాతి వరుసలు కిక్కిరిసిపోయాయి. హమీద్ అన్సారీ ఉపరాష్ట్రపతి కావడం, కమలేశ్ శర్మ కామన్వెల్త్ సెక్రటరీ జనరల్ కావడం, హర్దీప్ సింగ్ పురి కేంద్ర మంత్రి కావడం వంటి తర్వాతి పదవులే గడులు నింపేశాయి. 2010లో 187 ఓట్లతో, 2020లో 184 ఓట్లతో భద్రతామండలికి ఎన్నికైన సంగతి పెద్ద అక్షరాల్లో ఉంది. 1996లో జపాన్ చేతిలో 142-40 తేడాతో ఓడిపోయిన సంగతి ఎక్కడా లేదు. జెనీవాలో పనిచేసి, సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై భారత వాదన వినిపించిన అరుంధతీ ఘోష్‌ను న్యూయార్క్ జాబితాలో ఇరికించారు. అది వేరే కార్యాలయం, వేరే పదవి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్ గడి మాత్రం చక్కగా కుదిరింది: 2017 నవంబరులో బ్రిటన్ తన అభ్యర్థిని ఉపసంహరించుకున్నాక దల్వీర్ భండారీ అంతర్జాతీయ న్యాయస్థానానికి తిరిగి ఎన్నికైన వైనం నాలుగు వాక్యాల్లో అర్థమవుతుంది. చిట్టచివర, 2024లో బాధ్యతలు చేపట్టిన పర్వతనేని హరీష్ ఇంటిపేరును ‘పార్వతనేని’ అని వేశారు. తెలుగు చార్టులో తెలుగు ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల మీదుగా వచ్చి చేరిందన్నమాట.

తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మినవారికి పంపాను. ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడారు, మలి ముద్రణలో సరిచేస్తామన్నారు, డబ్బు వాపసు గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. ఐదుకు రెండున్నర ఇస్తాను. అందులో ఒకటిన్నర నీలి పట్టీకి, ఆ రెండు అధ్యాయాలకు. మీ దగ్గర ఇప్పటికే ఇది ఉంటే ‘ప్రధాన ఘనత’ గడులను చదవనీయకుండా పదవీకాలాలు, నీలి పట్టీ వరకే వాడండి. మేం తమ్ముడి ఫొటో మీద అన్న ఫొటో అతికించి, కింద ‘రావు’ అని స్కెచ్ పెన్నుతో దిద్ది, చార్టును తలుపు పక్క గోడకు మార్చాం.