ప్రయోగాత్మక యానిమేషన్‌కు ఐఎఫ్ఏ గ్రాంటు: ఎవరికి సరిపోతుంది, ఎక్కడ తడబడతారు

బెంగళూరు గేమ్ స్టూడియోల్లో, యాడ్ కంపెనీల్లో పగలంతా పనిచేసి రాత్రిళ్లు సొంత బొమ్మలు కదిలించుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. క్లయింటు లేని, ఒక్కోసారి కథ కూడా లేని యానిమేషన్‌కు డబ్బిచ్చే చోట్లు దేశం మొత్తం మీద తక్కువ. వాటిలో ముందుగా తట్టాల్సిన తలుపు ఈ ఊళ్లోనే, ఆర్‌ఎంవీ రెండో స్టేజ్‌లో ఉంది: ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ (ఐఎఫ్ఏ). లాభాపేక్ష లేకుండా 1993లో మొదలైన ఈ సంస్థ 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది.

ఇక్కడ యానిమేషన్‌కంటూ విడిగా పథకం లేదు. బ్రిటన్‌లో 1990లో ఆర్ట్స్ కౌన్సిల్, టీవీ సంస్థ చానల్ 4 కలిసి మొదలుపెట్టిన యానిమేట్ పథకం, దాని కొనసాగింపుగా వచ్చిన యానిమేట్ ప్రాజెక్ట్స్ ఈ కళ కోసమే పుట్టాయి. అక్కడ ప్రపోజల్ చదివేవాళ్లకు ఫ్రేము (సినిమాలో ఒక్కో నిశ్చల చిత్రం) అంటే ఏమిటో చెప్పక్కర్లేకపోయింది. ఐఎఫ్ఏలో మీ కాగితం నాటకం, నాట్యం, చిత్రకళ ప్రపోజల్స్ మధ్య ఉంటుంది. చదివేవాళ్లు కళ తెలిసినవాళ్లే. అయినా నాలుగు నిమిషాల సినిమాకు ఆరు నెలలు ఎందుకు పడతాయో మీరే లెక్క కట్టి చూపించాలి.

ఏ పథకం కింద అడగాలి? చాలామందికి కళాకారుల సొంత సృజన కోసం ఉన్న ఆర్ట్స్ ప్రాక్టీస్ సరిపోతుంది. బెంగళూరు పేటల గురించి, ఇక్కడి గోడల మీద ప్రొజెక్షన్ గురించి ఆలోచన ఉంటే ప్రాజెక్ట్ 560 చూడండి. ఆ అంకె ఊరి పిన్‌కోడ్ మొదటి మూడంకెలే. కళి-కలిసు కర్ణాటక బడుల కోసం, దాన్ని వదిలేయండి. ప్రపోజల్ తెలుగులోనూ రాయవచ్చు. ఇంగ్లీషులో తడుముకుంటూ రాసిన దానికన్నా మంచి తెలుగులో రాసిందే మీ పనిని బాగా చూపిస్తుంది.

ఈ సంస్థ గొప్పదనం, అదే సమయంలో దానితో వచ్చే చిక్కు, ఒక్కటే. వాళ్లు సినిమాకు కాకుండా అందులోని ప్రశ్నకు డబ్బిస్తారు. ఉదాహరణకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలతో పని చేయాలనుకున్నారనుకోండి. ‘తోలుబొమ్మలతో ఐదు నిమిషాల సినిమా’ అంటే అది ఉత్పత్తి. ‘ఆటగాడి చేతిలో ఆగకుండా సాగే కీలు కదలికను సెకనుకు 12 బొమ్మలుగా తుంచితే ఆ లయలో ఏం మిగులుతుంది?’ అంటే అది ప్రశ్న. రెండోది రాయగలిగితే ఈ గ్రాంటు మీకోసమే. ఇప్పటికే స్క్రిప్టు బిగించేసి, రెండరింగ్ (కంప్యూటరులో చివరి బొమ్మలు తయారుచేయడం) ఖర్చు మాత్రమే కావాలనుకునేవాళ్లు ఇక్కడ సమయం పోగొట్టుకోవద్దు.

ప్రపోజల్స్ ఎక్కువగా దెబ్బతినేది బడ్జెట్‌లో. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నాలుగు నిమిషాలకు 5,760 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 2,880 బొమ్మలు. రోజుకు 30 గీసినా 96 పనిదినాలు, అంటే వారానికి ఐదు రోజుల లెక్కన నాలుగున్నర నెలలు. ఆ కాలానికి మీ జీతం బడ్జెట్‌లో కనిపించాలి. ‘నా పనికి డబ్బు అక్కర్లేదు’ అని రాయడం వినయమనుకుంటారు. నాలుగో వారానికే ఫ్రీలాన్స్ పని ఒప్పుకోవాల్సి వస్తుంది, గ్రాంటు పని మూలన పడుతుంది. కెమెరాతో తీసేవాళ్లకు ఒక్కో రా ఫైలు (కెమెరా ఇచ్చే ముడి ఫోటో) 25 ఎంబీ అనుకున్నా 2,880 ఫోటోలకు 72 జీబీ. టెస్టులు, రెండో కాపీ కలుపుకుని రెండు హార్డ్‌డిస్కులు రాసుకోండి. సౌండ్‌ను చివరి వరుసలో ‘ఇతరాలు’ కింద తోసేయకండి. కథ లేని సినిమాను చివరిదాకా లాక్కెళ్లేది చాలాసార్లు శబ్దమే.

పూర్తి సినిమా మొదలుకాక ముందు టెస్టుల కోసం కనీసం రెండు వారాలు అడగండి. కెమెరా కింద చేసే పనిలో ముందుగా ఎదురయ్యేది ఫ్లికర్, అంటే ఫ్రేము ఫ్రేముకూ వెలుగు మారి సినిమా మిణుకుమనడం. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో ఉన్నా ఫ్లికర్ వస్తోందంటే తప్పు లెన్సుది కావచ్చు. ఎలక్ట్రానిక్ ఎపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ప్రతి ఫోటోకూ తెరుచుకుని మూసుకుంటుంది, ప్రతిసారీ సరిగ్గా అంతే మూసుకోదు. ఎపర్చరు రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సు అడాప్టరుతో పెడితే ఆ బాధ పోతుంది. కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి, ఆపరేటరు నల్లచొక్కా వేసుకోవాలి. తెల్లచొక్కా నుంచి పడే వెలుగు కూడా ఫ్రేములో తెలుస్తుంది. కరెంటు పోయి లైటు ఒక్కసారి ఆరితే వెలిగాక అదే కాంతి వెంటనే రాదు, కాబట్టి లైట్లనూ కెమెరానూ యూపీఎస్ మీద పెట్టాలి.

తోలుకు ఇంకో సమస్య ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మెత్తబడి వంగుతుంది, వేడి బల్బు పెడితే ముడుచుకుంటుంది. వెనుక నుంచి చల్లటి ఎల్‌ఈడీ ప్యానెల్, దాని మీద పాలరంగు అక్రిలిక్ షీటు, బొమ్మ మీద బరువైన గాజు పలక: ఈ అమరికతో పని నడుస్తుంది. గాజు మీద గ్వాష్‌తో (నీళ్లతో కలిపే చిక్కటి రంగు) గీసేవాళ్లు రంగు తొందరగా ఆరిపోకుండా రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలుపుకోవాలి. ఆ పద్ధతిలో పాత బొమ్మను తుడిచేసి కొత్తది గీస్తారు కాబట్టి చెడిన షాట్‌ను మళ్లీ మొదటి నుంచీ చేయాలి. ఇవన్నీ ప్రపోజల్‌లో ఒక పేరాలో రాస్తే మీకు పని తెలుసని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

డబ్బు విడతలుగా, రిపోర్టుల మీద వస్తుంది. యానిమేషన్‌లో ఖర్చు నడిమి నెలల్లో ఎక్కువ, అప్పటికి చూపించడానికి ఉండేది తక్కువ. అందుకే తొలి రిపోర్టుకు ‘రెండు నిమిషాల సినిమా’ అని మాట ఇవ్వకండి. యానిమాటిక్ (కచ్చా బొమ్మలను సమయం ప్రకారం పేర్చిన వీడియో), టెస్టు షాట్లు, నోట్సు ఇస్తామని రాసుకోండి.

గ్రాంటు పొందినవాళ్ల పని ఎలా ఉంటుందో ముందే చూడాలంటే సంస్థ ఆఫీసులో జరిగే మాతుకథె సమావేశాలకు వెళ్లండి. కూర్చుని తీరిగ్గా మాట్లాడుకునే చోటది, ప్రశ్నలు అడగవచ్చు.

పని ముగిశాక సామగ్రి కాపీలు సంస్థ ఆర్కైవ్‌కు చేరతాయి. కుదించిన వీడియో ఒక్కటే కాకుండా ఇమేజ్ సీక్వెన్సు (వరసగా అన్ని ఫ్రేముల ఫైళ్లు), విడి సౌండ్ ట్రాకులు కూడా ఇవ్వండి. తోలుబొమ్మల కళాకారుల రోజు కూలి, టైటిల్స్‌లో పేరు, ఆర్కైవ్‌లో వాళ్ల బొమ్మలు ఉండటానికి అనుమతి, ఈ మూడూ మొదటి బడ్జెట్టు రోజునే తేల్చుకోవాలి. ఆ అనుమతి కాగితం తెలుగులో రాసి, వాళ్లకు చదివి వినిపించి, షూటింగ్‌కు ముందే సంతకం తీసుకోండి.