వైజాగ్ ద్వారకానగర్‌లో కొన్న అల్లం 'నానో' క్యాప్సూల్స్, ఒకటిన్నర స్టార్

మా పిన్నికి క్యాన్సర్, కీమో నడుస్తోంది. వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ చూసి బాబాయి పట్టుబట్టేసరికి ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్ళి తెచ్చా, 60 క్యాప్సూల్స్ డబ్బా 2,450, రెండు తీసుకుంటే 4,500 అంటే రెండూ తీసేసుకున్నా (ఆఫర్ అంటే మనకి ఆగదు కదా). "క్యాన్సర్ కణాల్ని వెతికి మరీ పట్టుకుంటాయి సార్" అన్నాడు కౌంటర్ అబ్బాయి. ఇంటికొచ్చి లేబుల్ చూస్తే ఆ ముక్క ఎక్కడా లేదు, ఫుడ్ సప్లిమెంట్ అని ఉంది, ఏ జబ్బునీ నయం చెయ్యడానికి కాదని కింద చీమలంత అక్షరాల్లో. క్యాన్సర్‌కి మందని యాడ్ ఇస్తే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, అందుకే ప్రింట్‌లో పెట్టరు, నోటితో చెప్తారు.

అలాగని ఈ 'నానో' కబురంతా బోగస్ సైన్సేం కాదు. అల్లం, నిమ్మ లాంటి వాటి రసంలో నిజంగానే బుల్లి బుల్లి కొవ్వు పొర బుడగలుంటాయి, వంద నానోమీటర్ల సైజు అనుకుంటే తలవెంట్రుక మందంలో ఏడెనిమిది వందలు పడతాయి, లోపల ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ (కణాల్లో జన్యు సమాచారం మోసేది) ముక్కలు, ఆ మొక్క ఘాటూ ఉంటాయి. అమెరికాలో లూయివిల్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో గ్రేప్‌ఫ్రూట్ (మన పంపరపనసకి చుట్టమే) కొవ్వుతో బుడగలు చేసి వాటిలో మందు పెట్టి ఎలుకలకిచ్చారు, ఇటలీ వాళ్ళు 2015లో నిమ్మ బుడగలతో ల్యాబులో క్యాన్సర్ కణాలు పెరక్కుండా ఆపారు, ఎలుకల్లో కణితి పెరగడం కూడా తగ్గింది. పసుపులోని కర్క్యుమిన్‌ని ఈ బుడగల్లో పెట్టి పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్ళకిచ్చి చూసే చిన్న ట్రయల్ కూడా పెట్టారు. కానీ షాపులో కొనుక్కునే మందు దాకా ఇంకా రాలేదు.

పైగా ఆ బుడగలు తియ్యాలంటే రసాన్ని భూమ్యాకర్షణకి లక్ష రెట్ల జోరుతో గిరగిరా తిప్పే మెషీన్ కావాలి, తీశాక ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల్లో దాస్తుంటారు. మా డబ్బా ఏమో షోకేసు అద్దం దగ్గర ఎండలో ఉంది, వైజాగ్ మే నెల ఎండ! లేబుల్ మీద సైజు లేదు, ఎన్ని బుడగలున్నాయో లేదు, టెస్ట్ రిపోర్ట్ అడిగితే "కంపెనీకి మెయిల్ పెట్టండి" అన్నాడు. ఒక క్యాప్సూల్ విప్పి నాకి చూశా, అచ్చం శొంఠి పొడే. పిన్ని నవ్వి "ఒరే, ఈ డబ్బుతో రైతుబజార్లో పాడేరు అల్లం బస్తా వచ్చేదిరా" అంది.

డాక్టరు గారైతే లేబుల్ చూసి, కీమో అయ్యేదాకా వద్దు, కొన్ని మూలికలు మందుతో కలిస్తే తేడా చేస్తాయి, వాంతులకి మాత్రం నేను రాసినవే వెయ్యండి అన్నారు. ఆ అర స్టార్ సీల్ బాగున్నందుకు.

విప్పని డబ్బా వెనక్కిస్తే డబ్బులివ్వం, ఎక్స్ఛేంజే అన్నారు. ప్రోటీన్ పౌడర్ తెచ్చుకున్నా, సోమవారం డాక్టరు గారికి చూపించేదాకా దాని మూత కూడా తియ్యను.