హాబ్సన్స్ చాయిస్: ఇది మ్యాగీ సినిమా

మ్యాగీ చెల్లెల్ని చూడాలని ఆల్బర్ట్ అనే కుర్రాడు వాళ్ల బూట్ల కొట్లోకి వస్తాడు. కొనే ఉద్దేశమే లేదు. మ్యాగీ అతన్ని కూర్చోబెట్టి, పాత బూటు విప్పించి, కొత్త జత తొడిగి, పౌను వసూలు చేసి, లేసులు కూడా అంటగట్టి పంపిస్తుంది. తెనాలిలో మా నాన్నగారి బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని నేను. బేరం ఇంత బాగా తెలిసిన ఆడమనిషిని తెరమీద చూడటం నాకిదే మొదలు.

హెరాల్డ్ బ్రిగ్‌హౌస్ నాటకాన్ని డేవిడ్ లీన్ 1954లో ఇలా బ్లాక్ అండ్ వైట్ సినిమాగా తీశాడు. బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటి బహుమతి గోల్డెన్ బేర్ కూడా వచ్చింది. కథ 1880 నాటి సాల్ఫోర్డ్‌లో, అంటే మాంచెస్టర్ పక్కనే. హాబ్సన్ జీతం భత్యం లేకుండా ముగ్గురు కూతుళ్ల చేత కొట్లో చాకిరీ చేయించుకుంటూ, తను పబ్బులో పడి ఉంటాడు. పెద్దమ్మాయి మ్యాగీకి ముప్పై ఏళ్లు. ఇంక నీకు పెళ్లేమిటని ఆమె ముఖానే నవ్వేస్తాడు. ఆమె నేలమాళిగలో బూట్లు కుట్టే విల్‌ను పైకి పిలిచి, అతని చేతులు చూసి, పెళ్లి మాట తనే ఎత్తుతుంది.

అందరూ హాబ్సన్‌గా వేసిన చార్లెస్ లాటన్‌నే పొగుడుతారు. తాగి, నీటి గుంటల్లో కనిపించే చందమామను పట్టుకోబోయే సీనులో ఆయన నిజంగా అద్భుతం. కానీ సినిమాని మోసింది మ్యాగీగా బ్రెండా డి బాంజీ. గొంతు పెంచదు, కన్నీళ్లు పెట్టుకోదు. పెళ్లికి ఇత్తడి ఉంగరం చాలంటుంది, మిగిలిన డబ్బు వ్యాపారానికి కావాలి మరి. విల్‌గా జాన్ మిల్స్ కూడా అంతే బాగున్నాడు. తొలిరాత్రి గదిలోకి వెళ్లే ముందు కాలరూ కఫ్ఫులూ ఒక్కొక్కటే విప్పుకుంటూ తలుపు వంక చూస్తాడే, మాటొక్కటీ లేదు, అతని భయమంతా మనకు తెలిసిపోతుంది.

చెల్లెళ్ల పాత్రలు మాత్రం పలచన. హాబ్సన్‌కు మత్తులో పురుగులు, పెద్ద ఎలుక కనిపించే భాగం కాస్త సాగదీశారు. యాస గట్టిది, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇంట్లో కొట్టు నడిపే ఆడపిల్ల ఉంటే ఆమెతో పాటు వాళ్ల నాన్ననీ కూర్చోబెట్టండి.