బామియాన్‌లో మూడు రోజులు

2018 వేసవిలో పనిమీద కాబూల్‌లో ఉన్నప్పుడు మూడు రోజులు సెలవు దొరికింది. అఫ్ఘానిస్తాన్ నడుమ కొండల్లో ఉన్న బామియాన్‌కు రోడ్డు మీద వెళ్లొద్దని అందరూ భయపెట్టడంతో చిన్న విమానమెక్కాను. అరగంటలో దింపేసింది.

గెస్ట్‌హౌస్ కిటికీ తీస్తే ఎదురుగా కొండ రాతిలో ఒకప్పుడు బుద్ధ విగ్రహాలు నిలబడ్డ ఖాళీ గూళ్లు! ఆ ఒక్కదానికే పూర్తి మార్కులు. వేడినీళ్లు ఎప్పుడూ వస్తాయన్నారు గానీ అంతా సోలార్, చీకటి పడితే ఐసునీళ్లే. భోజనం మాత్రం బాగుంది. ఎండబెట్టిన పెరుగు ఉండల్ని నీళ్లలో అరగదీసి, రొట్టె ముక్కల మీద పోసి, పైన కాగిన నెయ్యి చుయ్‌మనిపిస్తారు. రెండు పూటలా అదే తిన్నాను.

2001 మార్చిలో తాలిబన్లు పేల్చేసిన పెద్ద విగ్రహం 55 మీటర్లు. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి మూడుసార్లు పేర్చినా ఆ గూట్లో ఇంకాస్త చోటు మిగులుతుంది.

మా గైడు హజారా కుర్రాడు, అంటే ఈ కొండప్రాంతపు షియా తెగవాడు. పాకిస్తాన్‌లోని క్వెట్టాలో పెరిగాడు కాబట్టి ఉర్దూ వచ్చు. నా హైదరాబాదీ ఉర్దూకి నవ్వుకుంటూనే జవాబులిచ్చేవాడు.

"హజారా అంటే వెయ్యేనా?"

"అదే. చెంగిజ్ ఖాన్ వెయ్యేసి మంది దండుల సంతానమంటారు. కాదు, అంతకు ముందునుంచే ఇక్కడున్నాం అనేవాళ్లూ ఉన్నారు." అరచేయి చాపాడు. "దీన్ని అలఘా అంటాం, మంగోల్ మాట. మిగతా భాష చాలావరకు ఫార్సీయే."

సాయంత్రం షహర్-ఎ-ఘోల్‌ఘోలా ఎక్కాం. 1221లో చెంగిజ్ నేలమట్టం చేసిన కోట. "మరి మీరు చంపినవాళ్ల మనవలా, చచ్చినవాళ్ల మనవలా?" అని నోరు జారాను.

"రెండూనేమో" అన్నాడు, నొచ్చుకోకుండా.

అతనికి చెంగిజ్ కంటే ఒకప్పటి అఫ్ఘాన్ రాజు అమీర్ అబ్దుర్ రహ్మాన్ మీదే కోపం. 1891 నుంచి 1893 దాకా ఆ రాజు సైన్యాలు హజారాల్ని ఊచకోత కోశాయి. భూములు పోయాయి, మనుషుల్ని బానిసలుగా అమ్మారు. మిగిలినవాళ్లు ఎందరో క్వెట్టాకి, ఇరాన్‌లోని మష్హద్‌కి పారిపోయారు. షియాలు కావడం ఒక నేరమైతే, మంగోల్ పోలికల ముఖం చూడగానే దొరికిపోవడం ఇంకొకటి.

మూడోరోజు బందె అమీర్ సరస్సులు. కారుకి మాట్లాడుకున్న దానికి రెట్టింపు గుంజారు, అయినా ఆ నీలం చూశాక డబ్బు సంగతి గుర్తుకురాలేదు. హంస ఆకారం పెడల్ బోట్లున్నాయి. గైడు చెల్లెలు కూడా వచ్చింది, మా ఇద్దరికంటే జోరుగా తొక్కింది.

ఇప్పుడు మాత్రం వెళ్లమని చెప్పలేను. మళ్లీ అధికారంలోకొచ్చిన తాలిబన్లు 2023 ఆగస్టులో ఆడవాళ్లని బందె అమీర్‌కి రావద్దన్నారు. 2024 మేలో బామియాన్ బజారులోనే సాయుధులు విదేశీ టూరిస్టుల్ని కాల్చి చంపారు. మా గైడు మళ్లీ క్వెట్టాలోనే ఉన్నాడు. మొన్న వాట్సాప్‌లో ఆ హంస బోటు ఫొటో ఉంటే పంపమన్నాడు, చెల్లెలికి కావాలట.